నది పుంలింగమట

గుణుపురం చర్చి వెనక రేకుల గదిలో
మంగళవారం సాయంత్రాలు హీబ్రూ.
చదివేవాళ్ళం ముగ్గురం:
కొండమీద సోర పిల్లలకి పాఠం చెప్పే ఎనోసు రైకా,
మందుల షాపు మూసొచ్చే ఒడియా కుర్రాడు తపన్,
రైల్వేలో టికెట్లు కొట్టి రిటైరైన నేను.
"ఈ వయసులో నీకెందుకక్కా అది?"
పాతపట్నం నుంచి చెల్లెలు ఫోను.
ఎందుకంటే, అని మొదలెట్టి
ఆ తర్వాత ఏం పెట్టాలో తోచక
అక్కడ ఎండుచేపలు ఎలా ఉన్నాయని అడిగాను.

ప్రఫుల్ల నాయక్ మాష్టారు
కుడి నుంచి ఎడమకి రాస్తారు,
బండిని షెడ్డులోకి వెనక్కి తోస్తున్నట్టు.
మొన్నటిదాకా అన్నీ పొట్టి వాక్యాలు.
మనిషి వచ్చాడు. వాన పడింది. తలుపు పాతది.
దేని పట్టా మీద అది, విడివిడి పెట్టెలు.
ఈవేళ 'అషేర్' వచ్చింది, కొక్కెం.

హాఈష్ అషేర్ బా.
మనిషి, ఎవడంటే, వచ్చాడు.

మన దగ్గర మనిషి ఆఖర్న దిగుతాడు.
రాత్రంతా తడిసి, గొడుగు పోగొట్టుకుని,
నౌపడ బండిలో గుమ్మం దగ్గర నిలబడి వచ్చిన
అంటూ అంటూ
ప్లాట్‌ఫారం మీద ఎదురుచూడాల్సిందే,
ఎవరా అని.
వాళ్ళకి ఇంజను ముందు.
ముందు మనిషి, తర్వాత తీరుబడిగా వాడి సంగతి.
తపన్ వాళ్ళు 'జియే' అని ఒకటి విసిరి
'సియే' అని పట్టుకుంటారు, బంతాటలాగ.
ఎనోసు ఏమీ అనడు.
వేళ్ళమీద ఏదో లెక్క కట్టి, పెదాలు కదిపి,
వాళ్ళమ్మ మాటలో ఒకసారి అని చూసుకుని
తల అడ్డంగా ఊపి, మళ్ళీ చిటికెనవేలు దగ్గర్నించి.

'కీ' అని ఇంకోటుంది.
'అని' అన్నా కీ, 'ఎందుకంటే' అన్నా కీ,
ఒక్కోచోట 'అప్పుడు' అన్నా కీ.
మా ఆఫీసు బీరువాలన్నిటికీ
ఒకే తాళంచెవి పట్టేది, అలాగ.
ఏ అరలో ఏముందో తీశాకే తెలిసేది.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది 'లూలే'.
కాకపోయుంటే, అని.
మనం దాన్ని క్రియ తోకకి కడతాం:
దాటకపోయుంటే.
దాట దాకా దాటినట్టే ఉంటుంది,
సగం ఏరు ఈదాక గాని లేదని తెలీదు.
వాళ్ళు మొదటి మాటలోనే చెప్పేస్తారు,
ఇక ఆశ పెట్టుకోకని.

రెండు వాక్యాలు కలిపి సొంతంగా రాసుకురమ్మన్నారు.
నా రెండు వాక్యాలు ముప్ఫై ఏడేళ్ళవి.
దాలన్నయ్య ఏరు దాటాడు.
రేడియోకి బ్యాటరీలు కావాలన్నాను.
ఇన్నాళ్ళూ వాటిని పక్కపక్కన పెట్టలేదు ఎప్పుడూ.
ఒకటి ఇంట్లో అందరిదీ.
రెండోది నా ఒక్కదానిదీ.

రాత్రి పదకొండయింది. లూలే అని రాశాను.
నది, ఏదంటే, అన్నయ్య దాన్ని దాటాడో, అని రాశాను.
ఆ 'దాన్ని' మనకి అక్కర్లేదు.
అన్నయ్య దాటిన నది అంటే చాలు.
వాళ్ళు మాత్రం నది పేరు ముందే చెప్పినా
మళ్ళీ ఒకసారి వేలు పెట్టి చూపించుకుంటారు.
ఆ చిన్న మాట రాసేటప్పుడు
పెన్ను కాస్త ఎక్కువసేపు ఆగింది.

మాష్టారు ఎర్రపెన్నుతో ఓతాహ్ కొట్టి
ఓతో అని దిద్దారు.
"నహర్ పుంలింగం కదమ్మా."
మనకి మనిషైతే ఆడదానికైనా ఏటికైనా
ఒకటే వచ్చింది, ఒకటే పోయింది.
"వంశధార కూడానా సార్?"
ఆయనదీ ఆ ఒడ్డే.
పెన్నుకి మూత పెట్టారు, మళ్ళీ తీశారు.
"వ్యాకరణం ప్రకారం" అన్నారు.

తర్వాత కాగితం వెనక్కి తిప్పి చూశారు.
"ఇది ఉపవాక్యమే.
ఇలా జరక్కపోయుంటే, సరే.
ప్రధాన వాక్యం ఏదీ?"

ఎనోసు వేళ్ళు లెక్క ఆపేశాయి.
రేకుల మీద చినుకు మొదలైంది.
వచ్చే మంగళవారం తెస్తానని చెప్పాను.